డాక్టర్ సలహా: బరువు తగ్గించమని వెళ్తే ఈ ప్రశ్నలెందుకు?

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. థైరాయిడ్, షుగర్ నార్మల్. ఈమధ్య క్లినిక్‌లో తనతో ఒక ప్రశ్నాపత్రం నింపించారు. స్నేహితులు, ఒంటి తీరు, ఇంట్లోవాళ్ల ప్రవర్తన గురించి అడిగారు. నన్నూ విడిగా రాయమన్నారు. 100కి తనకు 58, నేను రాసినదానికి 81 వచ్చాయి. తను అబద్ధం రాసిందా? అసలు ఇవన్నీ ఎందుకు? - ఒక తల్లి

జవాబు: అబద్ధం కాదమ్మా. తన రోజు ఎలా గడుస్తోందో తను చెప్పింది, మీకు కనిపించింది మీరు రాశారు. పిల్లల జవాబులకు, పెద్దల జవాబులకు తేడా రావడం మామూలే. అందుకే ఇద్దరితోనూ రాయిస్తారు. తన మనసులో ఏముందన్న విషయంలో మాత్రం తన మాటకే విలువ ఎక్కువ.

బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క) చూస్తే శరీరం సంగతి కొంత తెలుస్తుంది. ఒకే బీఎంఐ ఉన్న ఇద్దరిలో ఒకరు హాయిగా ఆడుకుంటారు, ఇంకొకరు ఫొటో అంటేనే పక్కకు తప్పుకుంటారు. ఆ తేడా పట్టుకోవడానికే ఈ ప్రశ్నలు. బరువు వల్ల రోజువారీ జీవితం ఎలా ఉందో తెలుసుకోవడానికి 11 నుంచి 19 ఏళ్ల వాళ్ల కోసం తయారైన ‘ఐడబ్ల్యూక్యూఓఎల్-కిడ్స్’ అనే ప్రశ్నాపత్రంలో 27 ప్రశ్నలుంటాయి. మెట్లెక్కడం, వంగి షూ లేసు కట్టుకోవడం లాంటి శారీరక సౌకర్యం ఒక భాగం. తన శరీరం మీద తనకున్న అభిప్రాయం, స్నేహాలు, కుటుంబం మిగతా మూడు. మార్కులు ఎంత ఎక్కువైతే అంత బాగున్నట్టు.

మొత్తం మార్కుల కంటే ఏ భాగంలో తగ్గాయన్నది ముఖ్యం. శారీరక సౌకర్యంలో తగ్గితే కీళ్ల నొప్పి, ఆయాసం, నిద్రలో గురక ఉన్నాయేమో చూడాలి. స్నేహాల దగ్గర తగ్గితే స్కూల్లో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో కనుక్కోవాలి. కుటుంబం దగ్గర తగ్గితే తల్లిదండ్రులు బాధపడతారు, కానీ మన చేతుల్లో ఉన్నదీ అదే. ‘ఇంకొంచెం పెట్టుకుంటావా?’ అని వెటకారంగా అనడం, చుట్టాల ముందు తన బరువు మాట ఎత్తడం, అక్కాచెల్లెళ్లతో పోల్చడం ఈరోజే మానేయండి. ఇలాంటి మాటల వల్ల బరువు తగ్గరు, చాటుగా తినడం అలవాటవుతుంది. తిండి, నడక, నిద్ర వేళలు మార్చాలంటే ఇంటిల్లిపాదికీ మార్చండి, తన ఒక్కదానికే కాదు.

‘ఏం రాశావో చూపించు’ అని మాత్రం నిలదీయకండి. ఒకసారి అలా అడిగితే మళ్లీ నిజం రాయదు. తనకు ఇష్టమైతే డాక్టర్ సమక్షంలో కలిసి మాట్లాడుకోండి. కొన్ని నెలల తర్వాత మళ్లీ నింపించమనండి. ఎదిగే వయసు కాబట్టి కిలోలు తగ్గకపోయినా మార్కులు పెరగొచ్చు. నా దృష్టిలో అదీ మంచి ఫలితమే.

ఈ ప్రశ్నాపత్రం డిప్రెషన్ పరీక్ష కాదు. భోజనం మానేయడం, తిన్నది కక్కేయడం, స్కూలుకు వెళ్లనని మొండికేయడం కనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టర్‌కు చూపించండి. చనిపోవాలని ఉందన్న మాట వస్తే తనను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.