చెరువు పక్కన నడక: పేరున్న చోట్లు వదిలేసి మ్యాప్‌లో నీలం వెతకండి

ప్రశ్న: సెలవు రోజుల్లో నేను, మా ఆయన, పదేళ్ల పాప కలిసి ఏదైనా చెరువు పక్కన నడుద్దామనుకుంటాం. నెట్‌లో వెతికితే ఎప్పుడూ నాలుగైదు గంటల దూరంలో ఉన్న పేరున్న చోట్లే వస్తున్నాయి. పోయిన నెల ఒక చోటికి వెళ్తే ‘చుట్టూ ఆరు కిలోమీటర్లే’ అన్నారు, తీరా నడిస్తే నాలుగున్నర గంటలు పట్టింది. సగం దారి బురద, పాప ఒకటే ఏడుపు. కారులో గంటలోపు వెళ్లగలిగే మంచి దారి ఎలా పట్టుకోవాలి?

జవాబు: ముందు ‘ట్రెయిల్’ (నడకదారి) అని టైప్ చేయడం మానేయండి. ఆ మాటకి దొరికేవన్నీ ఎవరో ఫొటోలు పెట్టి పొగిడిన చోట్లు, సెలవు రోజున కారు ఆపడానికే అరగంట తిరగాలి. మ్యాప్ తెరిచి, ఇల్లు మధ్యలో ఉండేలా పెట్టుకుని, చుట్టుపక్కల నీలం రంగు ఎక్కడెక్కడ ఉందో చూడండి. దూరాన్ని కిలోమీటర్లలో కాదు, నిమిషాల్లో లెక్కేయండి. మీరు నిజంగా బయల్దేరే రోజు, వేళ పెట్టి చూడాలి, తిరిగొచ్చే వేళ కూడా. వెళ్లేటప్పుడు నలభై నిమిషాలు పట్టిన రోడ్డే సాయంత్రం గంటన్నర తినేస్తుంది.

ఒక మాట, నీలంగా కనిపించిందల్లా చెరువు కాదు. నేనోసారి సంబరంగా వెళ్లి చూస్తే అది మురుగునీటిని శుద్ధి చేసే చోట తవ్విన గుంట! అందుకే శాటిలైట్ బొమ్మ కూడా ఒకసారి చూసుకోండి.

గూగుల్ మ్యాప్స్ దారి చూపించడానికి బాగుంటుంది కానీ కాలిబాటల విషయంలో నేను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌నే నమ్ముతాను. 2004లో మొదలైన ఈ మ్యాప్‌ని వాలంటీర్లు గీస్తారు, వాళ్లలో నడిచేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి సన్నని కాలిబాటలు కూడా చుక్కల గీతలుగా కనిపిస్తాయి. ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లు దీని మీదే నడుస్తాయి, ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకపోయినా పనిచేస్తాయి. నీలాన్ని ఆనుకుని వెళ్తున్న చుక్కల గీత మధ్యలో తెగిపోతే, అక్కడ దారే లేకపోవచ్చు, లేదా ఎవరూ గీయకపోయి ఉండవచ్చు. రెండోదే అయ్యుంటుందని పాపని తీసుకుని వెళ్లకండి.

ఇక మీ ఆరు కిలోమీటర్ల సంగతి. ఆనకట్ట కట్టి నీళ్లు నిలిపిన చోట, నీళ్లు పక్కనున్న ప్రతి వాగు లోయలోకీ ఎగదన్ని వేళ్లలా చొచ్చుకుపోతాయి, దారి ఆ వేలు చివరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి. మ్యాప్ మీద వేలితో సుమారుగా గీసి దూరం చెప్పేవాళ్లు ఈ మెలికలన్నీ మింగేస్తారు. పైగా బురద ఉండేది కూడా సరిగ్గా అక్కడే, వాగు వచ్చి కలిసే చోట, వండ్రు పేరుకుపోయి తుంగ మొలుస్తుంది కాబట్టి. ఎత్తు గీతలున్న (ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీతలు) మ్యాప్‌లో ఇది ముందే తెలిసిపోతుంది: నీళ్ల అంచున గీతలు ఒకదానికొకటి దూరంగా ఉంటే చదును నేల, తడి నేల కావచ్చు, బాగా దగ్గరగా కుక్కినట్టుంటే నిట్రమైన వాలు, పిల్లలతో వద్దు. ఈ రెంటికీ మధ్యస్థంగా ఉన్న ఒడ్డు మనది.

ఇంకో చిక్కు, మ్యాప్‌లోని నీలం మారదు, నీటిమట్టం మారుతుంది. ఎండాకాలంలో ఒడ్డు ఎంతో దూరం వెనక్కి జరిగి మధ్యలో ఒండ్రు మాత్రమే మిగిలే చోట్లున్నాయి. ఐరోపా వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు, అంత సూక్ష్మంగా ఉండవు (ఒక్కో చుక్క 10 మీటర్లు), అయినా పోయిన ఏడాది ఇదే నెలలో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో తెలుసుకోవడానికి అది చాలు.

ఎంతసేపు పడుతుందో తెలియడానికి స్కాట్లండ్ పర్వతారోహకుడు నైస్మిత్ వేసిన లెక్క ఒకటుంది, 1892 నాటిది: చదును దారిలో గంటకి సుమారు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. అది బలంగా నడిచే పెద్దవాళ్లకి, ఆగకుండా. పాపతో అయితే నేను దాన్ని రెట్టింపు చేస్తాను, ఎందుకంటే ప్రతి కప్ప దగ్గరా ఆగాలి కదా.

నిజం చెప్పాలంటే చెరువంతా చుట్టి రావాలన్న పట్టుదలే మిమ్మల్ని ముంచింది. సగం దారికి చేరాక వెనక్కి తిరిగినా ముందుకి వెళ్లినా ఒకటే దూరం, అప్పుడు పాప అలిసిపోతే చేయగలిగిందేమీ లేదు. బాగున్న ఒడ్డు ఒకటి ఎంచుకుని గంట నడిచి, అదే దారిన వచ్చేయండి. తూర్పు ఒడ్డున గుట్టగానీ చెట్లుగానీ ఉంటే పొద్దున ఆ వైపు నీడ, పడమటి ఒడ్డున ఉంటే సాయంత్రం. చీకటి పడేలా ఉందా అని అనుమానమొస్తే చెయ్యి చాచి, సూర్యుడికీ దిగంతానికీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడండి, ఒక్కో వేలికి మహా అయితే పావుగంట. ఉరుము వినిపిస్తే మాత్రం లెక్కలేమీ వద్దు, నీళ్లకి దూరంగా కారు దగ్గరికి వచ్చేయండి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగొద్దు.

గేటు దగ్గర బోర్డు ఉంటే చదవండి, తాగునీటి రిజర్వాయర్ల చుట్టూ చాలాచోట్ల లోపలికి రానివ్వరు.

ప్రశ్న: మా కుక్కని చెరువు దగ్గరికి తీసుకెళ్తే నీళ్లు తాగనివ్వొచ్చా?

జవాబు: వద్దు, ఇంటి నీళ్లు సీసాలో పట్టుకెళ్లండి. వేడి రోజుల్లో కదలని నీళ్ల మీద ఆకుపచ్చ పెయింట్ ఒలికినట్టు తెట్టె కడితే అది సయనోబాక్టీరియా (నీలి-ఆకుపచ్చ నాచు అంటారు) కావచ్చు, దానిలో కొన్ని రకాల విషం కుక్కల్ని గంటల్లో చంపేయగలదు. కాచినా ఆ విషం పోదు, కాబట్టి మీకూ అంతే. అలాంటి తెట్టె కనిపించిన రోజు కుక్క బెల్టు విప్పకండి. దూకేస్తే ఒళ్లు నాక్కునేలోపే మంచినీళ్లతో కడిగేయండి, వాంతులుగానీ తూలడంగానీ మొదలైతే ఇంటికి కాదు, నేరుగా పశువైద్యుడి దగ్గరికి పోనివ్వండి.