కెనడా స్పౌస్ స్పాన్సర్‌షిప్: ముందు తేదీలు రాయండి, ఫారాలు తర్వాత

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. కెనడాలో ఉన్నవాళ్లు భార్యనో భర్తనో స్పాన్సర్ చేసుకోవడం ఎలా అని. పెళ్లి హడావిడి తగ్గి, సెలవు అయిపోయి ఒకరు విమానం ఎక్కేశాక మొదలయ్యే దిగులు ఇది, అందుకే ఈ శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: నేను పీఆర్ (శాశ్వత నివాస హక్కు) మీద బ్రాంప్టన్‌లో ఉంటున్నాను. ఫిబ్రవరిలో గుంటూరులో పెళ్లయింది, నెల తిరక్కుండానే ఉద్యోగానికి వచ్చేశాను. ఇప్పుడు ఆ ఫారాల నంబర్లు చూస్తుంటేనే టెన్షన్ వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఊళ్లో తెలిసిన ఏజెంట్‌కి ఇచ్చేయమని మావాళ్లు అంటున్నారు.
- ఒక పాఠకుడు

జవాబు: ఫారాలు ఈ వారం అసలు తెరవకండి. ఒక తెల్ల కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి, ఒక పక్క మీరు, ఒక పక్క ఆమె. గత పదేళ్లలో ఎవరు ఏ నెల నుంచి ఏ నెల దాకా ఎక్కడ ఉన్నారు, ఏం చేశారు అన్నది వరసగా రాయండి. ఆమె నింపే షెడ్యూల్ ఎ, అంటే ఐఎంఎం 5669, అడిగేది ఇదే: పదేళ్ల చరిత్ర, వయసు తక్కువైతే 18 నిండినప్పటి నుంచి, మధ్యలో ఒక్క నెల కూడా ఖాళీ ఉండకూడదు. బీటెక్ మే నెలలో అయిపోయి ఉద్యోగం అక్టోబర్‌లో వస్తే ఆ మధ్య నెలలు ఇంట్లో ఉన్నానని రాయాలి. బ్యాంక్ పరీక్షలకి కోచింగ్ తీసుకుంటూ హాస్టల్లో ఉంటే ఆ హాస్టల్ అడ్రస్ కూడా కావాలి. చాలామంది ఈ ఖాళీల్ని సిగ్గుపడి దాచేస్తారు, ఉద్యోగం లేని నెలలు ఉన్నాయని ఎవరూ తిరస్కరించరు, నెలలు కనిపించకుండా పోతేనే అనుమానం.

దాని కిందే రెండో జాబితా రాయండి. సంబంధం ఎప్పుడు వచ్చింది, ఎవరు తెచ్చారు, మొదటి ఫోన్ ఏ రోజు, మొదటిసారి ఎదురెదురుగా చూసుకున్నది ఎప్పుడు, నిశ్చితార్థం, పెళ్లి, రిజిస్ట్రేషన్, కలిసి ఉన్న రోజులు, మీరు తిరిగి వచ్చిన తేదీ. బోర్డింగ్ పాస్, పాస్‌పోర్ట్ మీది ముద్ర, వాట్సాప్‌లో మొదటి మెసేజ్ ముందు పెట్టుకుని రాయండి, గుర్తున్నంత వరకు అని రాయకండి. ఇద్దరూ ఫోన్లో ఒకసారి చదువుకోండి. "మనం మాట్లాడుకోవడం మొదలైంది దసరా ముందా తర్వాతా" అని మీ ఇద్దరికీ తేడా వస్తే ఇప్పుడే రావాలి, ఆమె ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు కాదు.

ఆ కాగితం చూసే అన్ని ఫారాలూ నింపాలి. స్పాన్సర్‌గా మీది ఐఎంఎం 1344, మీ ఇద్దరి బంధం గురించి చెప్పేది ఐఎంఎం 5532, ఏ కాగితాలు పెట్టాలో చెప్పే చెక్‌లిస్ట్ ఐఎంఎం 5533. ఆమె వైపువి జనరిక్ ఫారం ఐఎంఎం 0008, షెడ్యూల్ ఎ, కుటుంబ వివరాల ఐఎంఎం 5406. ఇన్ని చోట్ల అవే తేదీలు మళ్లీ మళ్లీ అడుగుతారు. మీరు స్టూడెంట్ వీసాకి పెట్టినప్పుడు ఏం రాశారో, ఆమె ఎప్పుడైనా ఏ దేశం వీసాకైనా పెట్టి రాకపోతే ఆ సంగతీ ఇప్పుడు రాసేదానితో కలవాలి. అబద్ధం చెప్పారని తేలితే ఐదేళ్లు అప్లై చేయనివ్వరు. పాత రిజెక్షన్ దాస్తే వచ్చే నష్టం ముందు, ఉన్నదున్నట్టు చెప్పడం వల్ల వచ్చేది చాలా చిన్నది.

మ్యారేజ్ సర్టిఫికెట్ దగ్గర చాలామంది ఆగిపోతున్నారు. గుడిలో ఇచ్చిన రసీదు, శుభలేఖ మాత్రమే ఉంటే చాలవు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించిన సర్టిఫికెట్ కావాలి. తెలుగులో ఉన్న ఏ కాగితానికైనా ఇంగ్లిష్ లేదా ఫ్రెంచ్ అనువాదం జత చేయాలి. అనువదించినవాళ్లకి అధికారిక గుర్తింపు లేకపోతే వాళ్ల అఫిడవిట్ కూడా ఉండాలి. మీ బావమరిది ఇంగ్లిష్ ఎంత బాగా వచ్చినవాడైనా సరే, బంధువుల చేత చేయించకూడదు.

పోలీస్ క్లియరెన్స్ మాత్రం తొందరపడి మొదటే తీసుకోవద్దు. ఆమె ప్రస్తుతం ఉన్న దేశానిది అప్లికేషన్ పంపే రోజుకి ఆరు నెలల లోపుదై ఉండాలి. మనవాళ్లు పెళ్లైన వారంలోనే పాస్‌పోర్ట్ సేవ ద్వారా తెచ్చేసుకుంటారు, మిగతావన్నీ కూడేసరికి దాని గడువు దాటిపోతుంది. 18 ఏళ్లు వచ్చాక, ఈ పదేళ్లలో, వేరే ఏ దేశంలోనైనా వరసగా ఆరు నెలలు ఉంటే అక్కడిదీ కావాలి. అమెరికాలో చదివి ఉంటే ఎఫ్‌బీఐ దగ్గర నుంచి తెప్పించుకోవాలి, దానికి వేలిముద్రలు పంపాల్సి ఉంటుంది కాబట్టి అది మాత్రం ముందుగా మొదలుపెట్టండి. మెడికల్‌కి లెటర్ వచ్చాక వెళ్తే చాలు, కెనడా ఇమిగ్రేషన్ జాబితాలోని డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

ఫీజు సంగతి. 2024 ఏప్రిల్ 30న పెంచినప్పుడు స్పాన్సర్‌షిప్ 85, ప్రాసెసింగ్ 545, పీఆర్ హక్కు ఫీజు 575, కలిపి 1205 కెనడా డాలర్లు, బయోమెట్రిక్స్‌కి, అంటే వేలిముద్రలు, ఫొటోకి, ఇంకో 85. రెండేళ్లకోసారి సవరిస్తారు, కాబట్టి కట్టే రోజున ప్రభుత్వ సైట్‌లో చూసే కట్టండి. తక్కువ కడితే అప్లికేషన్ మొత్తం వెనక్కి వచ్చే ప్రమాదం ఉంది. సంతకం మర్చిపోయినా అంతే. 1344లో మీ సంతకం ఒక్కటే కాదు, ఆమెది కూడా ఉంటుంది.

ఇక ఏజెంట్. డబ్బు తీసుకుని కెనడా అప్లికేషన్ చేయాలంటే అక్కడి లాయర్ (క్యూబెక్‌లో నోటరీ కూడా) అయినా ఉండాలి, లేదా కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్‌లో లైసెన్స్ ఉన్నవాళ్లైనా ఉండాలి. ఆ కాలేజ్ సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. "నా పేరు ఫారంలో రాయకండి, మీరే చేసుకున్నట్టు పంపండి" అన్నాడంటే ఆ మనిషికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మీకు ఎలాంటి చిక్కులూ లేకపోతే ఇది మీ ఇద్దరూ కూర్చుని చేసుకోగలిగిన పనే అని నా అభిప్రాయం.

ప్రశ్న: మాది పెద్దలు కుదిర్చిన పెళ్లి. పెళ్లికి ముందు రెండుసార్లే కలిశాం, పెళ్లైన 18 రోజులకి ఆయన టొరంటో వెళ్లిపోయారు. మా పెళ్లి నిజమైనదని నమ్మరేమోనని భయంగా ఉంది. ఫొటోలు 1200 ఉన్నాయి, వాట్సాప్ చాట్ ఐతే లెక్కలేదు. మొత్తం పెట్టేయనా?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: భయపడకమ్మా. పెద్దలు కుదిర్చిన పెళ్లి అంటే ఏంటో మన దరఖాస్తులు చూసే ఆఫీసర్లకి బాగా తెలుసు, అది తప్పు కాదు. వాళ్లు చూసేది రెండు విషయాలు: ఈ పెళ్లి నిజమైనదా, ముఖ్యంగా ఇమిగ్రేషన్ కోసమే చేసుకున్నారా. 18 రోజులే కలిసి ఉన్నారన్నది లోపం కాదు, ఎందుకు 18 రోజులో చెప్పకుండా వదిలేయడమే లోపం. ఆయనకి సెలవు అంతే ఇచ్చారని రాసి, సెలవు మంజూరు చేసిన మెయిల్ పెట్టండి.

ఫొటోలు 20కి మించొద్దని చెక్‌లిస్ట్‌లోనే ఉంది. అందుకని ఏరుకోవాలి. ఆల్బమ్‌లో అందరికంటే అందంగా వచ్చినవి, లైట్లు పెట్టి మీ ఇద్దర్నీ ఒంటరిగా నిలబెట్టి తీసినవి, ఈ పనికి అంతగా ఉపయోగపడవు. జీలకర్ర బెల్లం పెడుతున్నప్పుడు వెనక మీ అమ్మానాన్న, అత్తమామలు నలుగురూ కనిపించే ఫొటో ఒకటి ఉంటుంది చూడండి, ఎవరో చెయ్యి అడ్డం పెట్టినదైనా సరే, అది తీసుకోండి. నిశ్చితార్థంలో ఒకటి, పెళ్లి చూపుల రోజు మీ చెల్లెలు ఫోన్లో తీసినది ఉంటే అది, రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీదది, అత్తగారింట్లో మామూలు చీరలో భోజనం వడ్డిస్తున్నది, ఎయిర్‌పోర్ట్‌లో దిగబెట్టినప్పటిది. ఒక్కోదాని కింద తేదీ, ఊరు, ఎడమ నుంచి ఎవరెవరో రాయండి. పెళ్లి రోజువే 20 పెడితే మీకు ఒక్క రోజు జీవితమే ఉన్నట్టు కనిపిస్తుంది.

చాట్ కూడా పది పేజీలే. నెలకి ఒకటి రెండు పేజీలు వచ్చేలా తీసుకోండి, పైన తేదీ కనిపించాలి. గుడ్ మార్నింగ్, తిన్నావా, పడుకున్నావా అన్నవి కాదు. మీకు జ్వరం వచ్చిన రోజు ఆయన ఏం అడిగారు, అక్కడ ఇల్లు మారాలా వద్దా అని ఇద్దరూ ఏం అనుకున్నారు, మీ మామయ్య ఆపరేషన్‌కి ఎవరు వెళ్లారు, అలాంటివి. తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినా అది తెలుగే, అనువాదం పెట్టాలి, అందుకే తక్కువ తీసుకుని బాగా ఏరడం మంచిది. వీటికి తోడు ఆయన మీకు పంపిన డబ్బు, ఇన్సూరెన్స్‌లో మీ పేరు నామినీగా మార్పించినది, మళ్లీ రావడానికి కొన్న టికెట్, ఇవి మాటల కంటే గట్టివి.

ఐఎంఎం 5532లో మీ కథ మీరే రాయాలి. నాకు తెలిసిన ఒక అమ్మాయి మొదట ఇలా రాసింది: "ఆయన మంచి వ్యక్తి, మా కుటుంబాలకు నచ్చారు, పెళ్లి చేసుకున్నాం." ఇది ఎవరి పెళ్లికైనా సరిపోతుంది. రెండోసారి కూర్చుని రాసింది: మా పెద్దమ్మ ఆడపడుచు ద్వారా సంబంధం వచ్చింది, జాతకాలు చూశాక ఆగస్టులో వీడియో కాల్‌లో మొదటిసారి మాట్లాడుకున్నాం, నేను ఉద్యోగం మానను అని అప్పుడే చెప్పాను, అక్కడ నా డిగ్రీకి ఏ పరీక్షలు రాయాలో ఆయన కనుక్కుని వారం తర్వాత చెప్పారు, ఆ రోజే సరే అనుకున్నాను. ఇది ఆ అమ్మాయి కథ, ఇంకొకరిది కాదు. మీరూ అలాగే రాయండి.

ప్రశ్న: మా అమ్మాయి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, టెన్త్ సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమే ఉంది, మ్యారేజ్ సర్టిఫికెట్‌లో అల్లుడుగారి ఇంటిపేరు పడింది. పాస్‌పోర్ట్ మార్పించాలా?
- ఒక తండ్రి, రాజమండ్రి

జవాబు: మార్పించనక్కర్లేదండీ, పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలన్న నియమం లేదు. ఫారాలన్నీ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే నింపి, ఇంతకుముందు వాడిన పేర్లు అన్నచోట మిగతా రెండూ రాయండి. మూడు పేర్లూ ఒక మనిషివే అని నోటరీ అఫిడవిట్ జత చేయండి. 5406లో పేర్లు సొంత లిపిలో కూడా అడుగుతారు, అక్కడ తెలుగులో శుభ్రంగా రాయండి. అదే ఫారంలో చనిపోయినవాళ్లతో సహా అమ్మానాన్నలు, తోడబుట్టినవాళ్లందరి పేర్లూ ఉండాలి.

ప్రశ్న: నాకు గంటల లెక్కన పని, జీతం తక్కువ. భార్యని స్పాన్సర్ చేయడానికి ఇంత ఆదాయం ఉండాలని ఉందా?
- ఒక పాఠకుడు, ఎడ్మంటన్

జవాబు: భార్యకి మామూలుగా కనీస ఆదాయం నిబంధన లేదు. తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్ లెక్కలు చూసి చాలామంది కంగారు పడుతున్నారు, అది వేరు. ప్రభుత్వం ఇచ్చే సోషల్ అసిస్టెన్స్ మీద ఉంటే మాత్రం కుదరదు, వైకల్యం కారణంగా తీసుకునేదానికి మినహాయింపు ఉంది. ఉద్యోగం పోతే వచ్చే ఈఐ సోషల్ అసిస్టెన్స్ కిందికి రాదు. ఒక్క సంగతి బాగా ఆలోచించుకుని సంతకం పెట్టండి: ఆమెకి పీఆర్ వచ్చిన రోజు నుంచి మూడేళ్లు ఆమె ఖర్చుల బాధ్యత మీదే, మధ్యలో విడిపోయినా సరే.

ప్రశ్న: మా అబ్బాయి పీఆర్‌కి పెట్టినప్పుడు పెళ్లి కాలేదు. ఇప్పుడు పీఆర్ చేతికొచ్చింది, వచ్చే నెల అక్కడ దిగాలి. ముహూర్తం ఈలోపే ఉంది. దిగాక చెబితే సరిపోతుందని ఎవరో అన్నారు.
- ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఆ సలహా వినొద్దు, ఈ శీర్షికలో ఇంతకంటే గట్టిగా నేను చెప్పేది లేదు. దిగేముందు పెళ్లయితే ఆ సంగతి దిగేముందే కెనడా ఇమిగ్రేషన్‌కి తెలపాలి. చెప్పకుండా ఒంటరివాడిగా దిగితే, అప్పుడు వాళ్లు పరిశీలించని భార్యని తర్వాత ఫ్యామిలీ క్లాస్‌లో, అంటే కుటుంబ సభ్యురాలిగా, స్పాన్సర్ చేసే దారే మూసుకుపోతుంది, పైగా అబ్బాయి పీఆర్‌కే ముప్పు. ఇలా ఇరుక్కున్నవాళ్లలో కొంతమంది కోసం 2019లో ఒక తాత్కాలిక వెసులుబాటు తెచ్చారు, దాన్ని నమ్ముకుని ముందుకెళ్లకండి. రెండే దారులు: పెళ్లి చేసుకుని, ఆ విషయం తెలిపి, వాళ్లు చెప్పేదాకా ఆగడం. లేదా అబ్బాయి దిగి వచ్చాక పెళ్లి పెట్టుకోవడం. పురోహితుడిని ఇంకో ముహూర్తం చూడమనండి. పెళ్లి ఇప్పటికే అయిపోయి, చెప్పకుండా దిగినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు లైసెన్స్ ఉన్న లాయర్ దగ్గరికి వెళ్లండి, కొత్తగా ఏ ఫారమూ నింపకండి.

ప్రశ్న: అప్లికేషన్ నడుస్తుండగా మావారి దగ్గరికి విజిటర్ వీసా మీద వెళ్లొచ్చా?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అడగొచ్చు. స్థిరపడాలన్న ఉద్దేశం ఉన్నా తాత్కాలికంగా వచ్చి వెళ్లే అవకాశం అక్కడి చట్టంలోనే ఉంది. వీసా ఫారంలో స్పాన్సర్‌షిప్ నడుస్తోందని దాచకుండా రాయండి. ఇండియా నుంచి పెట్టిన ఫ్యామిలీ క్లాస్ దరఖాస్తు తిరస్కరిస్తే మీవారు 30 రోజుల్లో అప్పీల్ చేసుకోవచ్చు, కెనడా లోపల ఉండి వేరే క్లాస్‌లో పెడితే ఆ అప్పీల్ ఉండదు. అందుకే అక్కడికి వెళ్లాక "దాన్ని వెనక్కి తీసుకుని ఇక్కడ మళ్లీ పెడదాం" అని ఎవరన్నా అంటే, ఆ తేడా తెలుసుకోకుండా ఒప్పుకోవద్దు. మీ ఫైల్ కాపీ మొత్తం, మొదట రాసుకున్న ఆ తేదీల కాగితంతో సహా, చేతి బ్యాగులో పెట్టుకుని వెళ్లండి, ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసర్ అడిగే ప్రశ్నలు కూడా అవే.