సాన పట్టినా మడత చాకు టమాటా కోయట్లేదా?

చాకుని సానరాయి మీద అరగంట రుద్దినా టమాటా తొక్క తెగట్లేదని ఒకరు అడిగారు. తప్పు సానరాయిది కాదు, అంచున లేచిన సన్నని పొర పోలేదు.

1. వంటింటి కడప బండ మీద తడిగుడ్డ పరిచి రాయి పెట్టండి, జారదు. నీళ్లు చల్లి, సుమారు 20 డిగ్రీల వంపులో ఒక పక్కే రుద్దండి.

2. అవతలి పక్క వెన్ను (మొద్దు వైపు) నుంచి అంచు బయటికి బొటనవేలితో మెల్లగా తడమండి. పిడి దగ్గర నుంచి మొన దాకా గరుగ్గా తగలాలి, లేచిన పొర అదే. తగిలేదాకా పక్క మార్చొద్దు. అందరూ తొందరపడేది ఇక్కడే.

3. తర్వాత రెండో పక్క, అలాగే.

4. ఆఖర్న ఒత్తకుండా, పక్కలు మారుస్తూ పదిసార్లు రుద్దండి. తర్వాత పాత తోలు బెల్టు మీద వెన్ను ముందుండేలా లాగండి, ఆ పొర పోయేది ఇలాగే. అంచు ముందు పెడితే బెల్టు తెగుతుంది, నాది తెగింది.

గండికోట క్యాంపింగ్‌కి కొత్తది కొంటే మూడంగుళాల బ్లేడు చాలు. లాక్ మాత్రం ఉండాలి, లేకపోతే వేళ్ల మీదే మూసుకోవచ్చు.