విత్తనాల మేళా పెడుతున్నవంట గదా బిడ్డా

బిడ్డా, నిన్న మీ నాయన ఫోన్ చేసి చెప్పిండు, సంక్రాంతి అయినంక జహీరాబాద్‌ల మన ఊర్ల రైతులను, హైదరాబాద్‌ల చిరుధాన్యాలు అమ్మేటోళ్లను, తినేటోళ్లను అందర్ని ఒక్కకాడ కూసోబెడుతున్నవని. ఇని ఎంత సంబురమైందో చెప్పలేను, మన ఇంట్ల ఆడపిల్ల ఇంత పని ఎత్తుకున్నదని. రాత్రి పండుకున్నంక భయం గూడ పట్టుకుంది, అందుకే పొద్దుగాలనే టైప్ చేస్తున్న.

టెంటు, కుర్చీలు, మైకు నీకు చెప్పాల్సిన పని లేదు. ఆడోళ్లకు బాత్రూములు మాత్రం నువ్వే సొంతంగా పోయి చూడు.

తారీకు ఖాయం చేసేముందు కంది కోతలు ఎక్కడిదాక వచ్చినయో ఊర్లల్ల అడుగు. ఆ రోజులల్లనే పస్తాపూర్ ఆడరైతుల సంఘాలోళ్ల పాత పంటల జాతర నడుస్తది, సంక్రాంతి నాడు మొదలై నెల రోజులు ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకొని ఊరూరు తిరుగుతరు. ముందుగాల ఆ అక్కలను కలువు, వాళ్ల తారీకు మీద నీ తారీకు పడొద్దు. మాచనూరు సంఘం రేడియోల గూడ చెప్పమని అడుగు, 2008ల ఆ ఆడోళ్లు పెట్టుకున్న రేడియో అది, నీ వాట్సాప్ మెసేజ్ పోని ఇంటికి గూడ వాళ్ల మాట పోతది.

ఇగ అసలు సంగతి. విత్తనాల మీద పేరు లేకుండ ఒక్క గింజ గూడ చేతులు మారనియ్యకు.

నువ్వు చిన్నగున్నప్పుడు ఇట్లనే పట్నమోళ్లు కొందరు ఒక ఫంక్షన్ హాల్ల మీటింగ్ పెట్టిన్రు. మన పక్కచేను అవ్వ యాసంగి తెల్లజొన్న తెచ్చింది. ఆ అవ్వ విత్తనం ఎట్ల తీస్తదో నువ్వు చూడలే గని నేను చూసిన, కోతకు కొడవలి పెట్టకముందే చేనంత తిరిగి, గింజ దగ్గర దగ్గర ఉన్న కంకి, పురుగు ముట్టని కంకి ఏరి, కట్టగట్టి పొయ్యి మీద దూలానికి యాలాడదీస్తుండె, పొగకు పురుగు రాదని. గసొంటి విత్తనాన్ని గేటుకాడనే తీసుకొని, ఇంకెవరో తెచ్చిన వానకాలం జొన్న పక్కన అదే తీరు స్టీల్ పళ్లెంల పోసి రెండిటి మీద "జొన్న" అని చీటీ పెట్టిన్రు. అవ్వను వెనక వరసల కూసోబెట్టిన్రు, మధ్యాహ్నం దాక గెస్టుల ఉపన్యాసాలే. సాయంత్రం పోయేటోళ్లకు తలా ఇంత పొట్లం కట్టిచ్చిన్రు. ఒకాయన ఆ తెల్లజొన్న తీస్కపోయి తొలకరిల ఎర్ర చెలకల చల్లిండు. అది నల్లరేగడిల, వానలు ఎనకకు పోయినంక, మంచుకు పండే జొన్న గదా! దంటు మస్తు ఎత్తు పెరిగింది, కంకి వానకు దొరికి గింజంత బూజు పట్టి నల్లగైంది. ఆయన మన ఊరికొచ్చి నలుగురిల అవ్వను నిలదీసిండు, ఏం విత్తనం ఇచ్చినవని. ఊరంత విత్తనానికి ఆమె గడపకే వస్తుండె, ఆ రోజు నోరు తెరవకుండ నిలబడ్డది. మీటింగ్ పెట్టినోళ్లు ఒక్కలు గూడ వచ్చి ఇది మా తప్పని చెప్పలే. ఆ తర్వాత ఎవరు పిలిచినా విత్తనం సంచి పట్టుకొని గడప దాటలే ఆమె.

అందుకే చెప్తున్న, ప్రతి సంచికి చీటీ కట్టు. పంట పేరు, వానకాలమా యాసంగా, ఎర్రనేలా నల్లనేలా, ఎన్ని నెలలకు కోతకొస్తది, ఇచ్చినామె పేరు, ఊరు, అన్నీ ఉండాలె. చదువురానోళ్లకు కంకి గూడ పక్కన పెట్టు, కంకి చూస్తే వాళ్లే గుర్తుపడ్తరు. తెచ్చినామెను తన విత్తనం కాడనే కూసోబెట్టు, తీసుకునేటోళ్లు ఆమెనే అడిగి తీసుకోవాలె. తినే కొర్రలు, సామలు వేరే టేబుల్ మీద పెట్టు, పొట్టు తీసినవి మొలవయ్, పట్నమోళ్లు మిద్దెమీద కుండీల చల్లి మొలకరాలేదని మనోళ్లను అంటరు. జొన్నలకు, సజ్జలకు, తైదలకు (రాగులకు) అట్ల తీసే పొట్టు ఉండది, ఆ బాధ లేదు.

ఉపన్యాసాలు తగ్గించు. ఎవరైనా పెద్దాయన లేటుగ వస్తున్నడంటే ఆగకు, ఆడోళ్లతోని మొదలుపెట్టు, నాలుగు గంటలకు బర్రెలు గుర్తొస్తయ్ వాళ్లకు, లాస్ట్ బస్సు పోతే నువ్వే ఇంటికాడ దించిరావాలె. బువ్వ మాత్రం బయట క్యాటరింగ్ చెప్తే నేను ఊకోను. జొన్నరొట్టె, పుంటికూర తొక్కు, చేన్లల్ల దానంతటదే మొలిచే తుమ్మికూర, జొన్నచెంచలి దొరికితే అది, ఆ వచ్చిన అక్కలతోనే పైసలిచ్చి వండిపియ్యి, ఊకె చేయించుకోకు. పట్నమోళ్లు, రైతులు ఒక్కటే వరసల కూసొని తినాలె, రేటు ముచ్చట గూడ అక్కడ్నే తెగుతది, స్టేజీ మీద తెగదు.

నువ్వు సగం తింటున్నవని మీ అమ్మ చెప్పింది. ఈ తిరుగుడుల కడుపు మాడ్చుకుంటే మాత్రం నేనొచ్చి తిడత, పెద్దదానివైనవని చూడను బిడ్డా.

నాకు స్టేజీ మీద కుర్చీ ఎయ్యకు. విత్తనాల టేబుల్ కాడ ఒక స్టూలు, పెద్ద మార్కర్ పెన్ను పెట్టు, చీటీలు నేను రాస్త. ముందురోజు రాత్రికే వస్త, బస్‌స్టాండ్‌కు ఎవరినీ పంపకు.

మీ పెద్దబాపు