టెక్ సందేహాలు: కారు అడుగున రేకు సరే, దానికి యాప్ ఎందుకు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కారు కిందికే దూరాయి. స్పోర్ట్స్ కారు అడుగుభాగానికి బయట దొరికే ఫ్లాట్ ఫ్లోర్ (చదునైన రేకు), ముందు స్ప్లిటర్ (బంపర్ కింద ముందుకు పొడుచుకొచ్చే పలక), వెనుక డిఫ్యూజర్ (వెనక్కి పోయేకొద్దీ పైకి లేచే పలక) బిగించుకోవడం, తర్వాత డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపాలు వెలిగాయని నాకు రాయడం మామూలైపోయింది. ఇవి కారు కింద గాలి పీడనం తగ్గించి కారును నేలకు అదుముతాయి. ఆపాటి తెలియనివాళ్లు వాటి జోలికి పోరు కాబట్టి అంతకుమించిన పాఠం ఇక్కడ చెప్పను.

ప్రశ్న: స్ప్లిటర్, డిఫ్యూజర్ బిగించాక పార్కింగ్ సెన్సర్లు ఊరికే కూస్తున్నాయి. ముందు బండిని చూసి వేగం తగ్గించుకునే క్రూయిజ్ కంట్రోల్ 'అందుబాటులో లేదు' అంటోంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయిస్తే పోతుందా?

పోదు. మీ సెన్సర్లు నిజమే చెబుతున్నాయి. వాటి ముందు మీరు కొత్తగా ఒక అంచు పెట్టారు, అది అడ్డంగా ఉందని అవి కూస్తున్నాయి. క్రూయిజ్ కంట్రోల్ కోసం ముందు బండిని చూసే రాడార్ సంగతి ఇంకా సున్నితం. చాలా కార్లలో అది ముందు బంపర్ దిగువ భాగంలో ఉంటుంది. స్ప్లిటర్ కోసం బంపర్ విప్పి మళ్లీ పెట్టేటప్పుడు రాడార్ బ్రాకెట్ ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా, 100 మీటర్ల దూరంలో దాని చూపు దాదాపు 1.75 మీటర్లు తప్పుతుంది. పక్క వరుసలో పోయే బండిని చూసి మీ కారు బ్రేకు వేయడానికి అది చాలు. స్ప్లిటర్ కార్బన్ ఫైబర్‌దై, దాని అంచు రాడార్ ముందుకు వస్తే అసలు చూపే ఉండదు. మామూలు ప్లాస్టిక్ బంపర్‌ను దాటే తరంగాలు కార్బన్ ఫైబర్‌ను దాటలేవు. అడ్డు తీసేసి, రాడార్‌ను వర్క్‌షాపులో కాలిబ్రేట్ చేయించండి, అంటే దాని చూపు సరిచేయించండి. కారు ఎత్తు కూడా తగ్గించి ఉంటే ముందు అద్దం వెనుక కెమెరాకూ అదే పని చేయించాలి.

తప్పు మీ ఒక్కరిదే అనడానికి మనసొప్పడం లేదు. రాడార్ ఎందుకు పనిచేయడం లేదో కారు కంప్యూటర్‌లో లోపం కోడ్‌గా నమోదై ఉంటుంది. తెర మీద మాత్రం 'అందుబాటులో లేదు' అనే రెండు ముక్కలే. అంత పెద్ద తెర పెట్టి కారణం రాయడానికి చోటు లేదా?

ప్రశ్న: ఫ్లోర్ బిగించే బ్రాకెట్లను 3డి ప్రింటర్‌తో చేసుకోవచ్చా?

ఇంట్లో అందరూ వాడే పీఎల్ఏ ప్లాస్టిక్‌తో వద్దు. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో నిలిపిన కారు కిందే వంగిపోగలదు. ఎగ్జాస్ట్ గొట్టం పక్కన ఏ ప్లాస్టిక్ బ్రాకెట్టూ వద్దు. ఆ గొట్టంలో పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ మామూలుగా పనిచేసేటప్పుడే 400 డిగ్రీలు దాటుతుంది. రెండు పలుచటి అల్యూమినియం రేకుల మధ్య పాలిథిలిన్ ప్లాస్టిక్ ఉండే సైన్‌బోర్డు షీటును చవకగా వస్తుందని ఫ్లోర్‌కు వాడేవాళ్లకూ ఇదే మాట. ఇంకొకటి: ఇంజిన్ కింద అంతా మూసేస్తే కారిన ఆయిల్ నేల మీద మరకగా కనబడదు. ట్రేలోనే చేరి వేడి ఎగ్జాస్ట్ కోసం కాచుకుని ఉంటుంది.

ప్రశ్న: నేను కొన్న డిఫ్యూజర్ కిట్‌లో మోటారుతో కదిలే ఫ్లాప్‌లు ఉన్నాయి. డయాగ్నోస్టిక్ పోర్టులో (మెకానిక్ కారు లోపాలు చదివే సాకెట్) పెట్టమని చిన్న బ్లూటూత్ డాంగిల్ ఇచ్చారు. అది కారు వేగాన్ని చదివి ఫ్లాప్ కోణం మారుస్తుంది. దాన్ని ఎప్పుడూ పోర్టులోనే ఉంచేయవచ్చా?

ఉంచకండి. అసలు పెట్టకండి అంటాను. ఈ ప్రశ్న వేషం మార్చి వస్తూనే ఉంది, కిట్లు అమ్మేవాళ్ల చెవికి మాత్రం ఎక్కడం లేదు.

ఆ పోర్టు పొగ కాలుష్యాన్ని అదుపులో పెట్టడం కోసం వచ్చింది. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి తప్పనిసరి అయింది. మెకానిక్ వస్తాడు, పరికరం తగిలిస్తాడు, లోపాలు చదువుకుని పరికరం తీసుకుని పోతాడు. రోజంతా అక్కడ ఒక వైర్‌లెస్ పరికరం కూర్చుని ఉండాలన్నది ఆ లెక్కలో లేదు. పోర్టు వెనుక ఉండే క్యాన్ బస్, అంటే కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగల ఏర్పాటు, 1980లలో తయారైంది. అందులో తిరిగే సందేశానికి అది దేని గురించో చెప్పే గుర్తింపు సంఖ్య ఉంటుంది గానీ, పంపింది ఎవరో రుజువు చేసే సంతకం ఉండదు. ఆ తీగ మీదికి ఎక్కినవాడు ఏం చెప్పినా చెల్లుతుంది. కొత్త కార్లలో పోర్టుకూ లోపలి తీగలకూ మధ్య గేట్‌వే కాపలా ఉంటుంది. కాస్త పాత కార్లలో చాలావాటికి ఆ కాపలా లేదు.

ఇక డాంగిల్. చవక రకాల్లో బ్లూటూత్ పిన్ 1234 లేదా 0000 ఉంటుంది, మార్చుకునే వీలుండదు. వైఫై రకాల్లో చాలావాటికి పాస్‌వర్డే ఉండదు. ఇంటికి తాళం వేసి తాళంచెవి గడప మీద పెట్టి ఊరెళ్లినట్లుంది. ఊహించి భయపెడుతున్నాననుకోకండి. 2015లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, డయాగ్నోస్టిక్ పోర్టులో పెట్టిన ఒక డాంగిల్‌కు ఎస్సెమ్మెస్‌లు పంపి కారు వైపర్లు తిప్పారు, తక్కువ వేగంలో బ్రేకులు వేశారు, బ్రేకులు పడకుండానూ చేశారు. అది ప్రయాణ దూరాన్ని బట్టి బీమా లెక్కగట్టడానికి వాడే డాంగిల్. కారు, స్పోర్ట్స్ కారే.

నన్ను ఇంతకంటే కలవరపెట్టింది మరో పాఠకుడు పంపిన ఫొటో. ఆయన కిట్‌లో డాంగిల్ లేదు. వెనుక బంపర్ లోపల మెలితిప్పి ఉన్న రెండు సన్నని క్యాన్ తీగల పైపొరను బ్లేడుతో గీకి, ఫ్లాప్ కంట్రోలర్ తీగలను వాటికి చుట్టి, మీద నల్ల టేపు వేశారు. కంట్రోలర్ డబ్బా డిఫ్యూజర్‌కు సరిగ్గా పైన ఉంది. డిఫ్యూజర్‌ను పట్టి ఉంచేవి పావు తిప్పితే ఊడివచ్చే నాలుగు బిగింపులు. అంటే కారు తలుపు తెరవకుండా, అద్దం పగలగొట్టకుండా, చేయి చాపితే కారు నాడి అందుతుంది. హెడ్‌లైటు దగ్గరి క్యాన్ తీగలను బయటి నుంచి అందుకుని, 'సరైన తాళంచెవి దగ్గరలోనే ఉంది' అనే దొంగ సందేశం పంపి కార్లు ఎత్తుకుపోయే పద్ధతి 2023లో వివరంగా బయటికి వచ్చింది. ఆ దొంగలు బంపర్ లాగడానికో, చక్రం పైనున్న కవర్ పీకడానికో కష్టపడాలి. ఈయన వాళ్లకు ఆ కష్టం లేకుండా చేశారు. టేపు మీద కంపెనీ స్టిక్కరు కూడా ఉంది, గుర్తుపట్టడానికి వీలుగా.

కదిలే ఫ్లాప్‌లు కావలసిందే అంటే, కంట్రోలర్‌కు సొంత జీపీఎస్ రిసీవర్ ఉన్న కిట్ చూడండి. వేగం తెలియడానికి అది చాలు, కారు తీగలతో పనే లేదు. కరెంటు విడి ఫ్యూజు నుంచి తీసుకోండి. క్యాన్ నుంచే చదవక తప్పదంటే, తీగను కోయకుండా పైనుంచి పట్టుకుని వినే స్పర్శరహిత రీడర్లు ఉన్నాయి. వాటిలో వినేవే తప్ప పంపలేనివి అడిగి తీసుకోండి. యాప్‌లో 'వినడం మాత్రమే' అనే మీట చూపిస్తే నమ్మకండి, రేపటి అప్‌డేట్ ఆ మీటను తిప్పగలదు.

బ్లూటూత్ తెగిపోతే ఫ్లాప్ ఏమవుతుందన్న ప్రశ్న మీరు అడగలేదు, నేను అడుగుతున్నాను. 1970ల చివర్లో ఫార్ములా వన్ కార్లకు పక్కన నేలను రాసుకుంటూ పైకీ కిందికీ జారే స్కర్టులు ఉండేవి. అడుగున ఏర్పడిన తక్కువ పీడనాన్ని అవే కాపాడేవి. స్కర్టు ఇరుక్కుని పైనే ఉండిపోతే మలుపు మధ్యలో పట్టు ఒక్కసారిగా పోయేది. 1981లో ఆ జారే స్కర్టులను నిషేధించారు, 1983 నుంచి చక్రాల మధ్య అడుగుభాగం చదునుగా ఉండాలన్నారు. మెల్లగా తగ్గే పట్టును డ్రైవరు కనిపెట్టి సర్దుకుంటాడు. ఉన్నట్టుండి పోయేదానికి ఎవరూ ఏమీ చేయలేరు. ఒకవైపు ఫ్లాప్ దిగి రెండోవైపు నిలిచిపోతే ఇంకా అన్యాయం. కరెంటు పోయినా సిగ్నల్ పోయినా రెండు ఫ్లాప్‌లూ స్ప్రింగుతో ఒకే చోటికి వచ్చి ఆగుతాయని కాగితం మీద రాసివ్వని కిట్‌ను పెట్టెతో సహా వెనక్కి పంపండి.

ప్రశ్న: ఫ్లోర్ ఎంత బలంతో అదుముతోందో ఫోన్ యాప్‌తో కొలవవచ్చా?

కుదరదు. గంటకు 100 కి.మీ. వేగంలో ఎదురుగాలి పీడనం సుమారు 470 పాస్కల్, అంటే చదరపు మీటరుకు 48 కిలోలు. ఫ్లోర్ కింద పీడనం సగటున అందులో ఐదో వంతు తగ్గిందనుకుందాం. రెండు చదరపు మీటర్ల ఫ్లోర్‌కు వచ్చేది 19 కిలోలు. స్ప్రింగులు ఒకటి రెండు మిల్లీమీటర్లు కుంగితే గొప్ప, ఫోనులోని సెన్సర్‌కు అది అంతుపట్టదు. వేగం 50కి తగ్గితే ఆ 19 కాస్తా ఐదుకు పడిపోతుంది, 200 అయితే 77 అవుతుంది. అందుకే వేగం చెప్పకుండా 'ఇన్ని కిలోలు' అని రాసిన ప్రకటనకు విలువ లేదు.

కొలవాలనే ఉంటే, ఫ్లోర్‌కు సన్నని రంధ్రం చేసి, పైనుంచి ప్లాస్టిక్ గొట్టం అతికించి, రెండు కిలోపాస్కల్స్ వరకు కొలిచే పీడన భేద సెన్సర్‌కు కలపండి. గొట్టం కొస ఫ్లోర్ కింది ముఖాన్ని దాటి బయటికి రాకూడదు. సెన్సర్ రెండో నోటికి కారు లోపల వేడి మారని చోట మూత బిగించిన సీసా చాలు. ట్రాక్ మీద ఫ్లోర్‌తో ఒకసారి, విప్పేసి అదే చోట బంపర్‌కు బ్రాకెట్‌తో గొట్టం నిలిపి ఒకసారి నడిపి చూడండి. వచ్చే తేడా చూసి కొందరు ఫ్లోర్ మళ్లీ బిగించకపోవచ్చు.

ప్రశ్న: మా కిట్ యాప్‌ను స్టోరు నుంచి తీసేశారు. ఫోను మార్చాక ఫ్లాప్‌లు కదలడం లేదు. పాత యాప్ ఎక్కడ దొరుకుతుంది?

ఎక్కడ దొరికినా దింపుకోకండి, అందులో ఇంకేం కలిపారో తెలియదు. కానీ ఇక్కడ నా కోపం మీ మీద కాదు. గాలిని మళ్లించే పలకకు అకౌంటు ఎందుకు? ఈమెయిలు, ఫోను నంబరు, లొకేషన్ అనుమతి, నెలనెలా చందా. ఇవన్నీ ఇచ్చాక వాళ్లు సర్వర్ ఆపేస్తే మీ కారు అడుగున ఒక మోటారు బరువు మిగులుతుంది. దీపాలకూ తాళాలకూ పట్టిన ఈ జబ్బు ఇప్పుడు బోల్టుతో బిగించే వస్తువులకూ పాకింది. సర్వర్ లేకపోయినా పనిచేసే మీట ఒకటి డబ్బా మీద పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

మీరు చేయగలిగింది ఇది: ఫ్లాప్‌లు రెండూ ఒకే కోణంలో ఉన్నాయో లేదో ముందు చూడండి. మోటారు కడ్డీలు విప్పేసి, వాటి స్థానంలో ఒకే పొడవున్న రెండు స్థిరమైన కడ్డీలు బిగించండి. కంట్రోలర్‌ను తీగలతో సహా పీకేయండి, క్యాన్ తీగలను గీకి ఉంటే ఆ ముక్క మార్పించండి.