కొత్త ఎడిషన్ వచ్చిందని కంగారు పడకమ్మాయ్

స్వాతీ,

నీ మెసేజ్ చూశాను. రిఫైనరీ, కెమికల్ ప్లాంట్ల పైపుల డిజైన్ కోడ్ బి31.3 కొత్త ఎడిషన్ వచ్చింది, మా పాత లెక్కలన్నీ పనికిరావా బాబాయ్ అని అడిగావు. పనికొస్తాయి. ఏఎస్‌ఎమ్‌ఈ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం) వాళ్లు దాన్ని రెండేళ్లకోసారి సవరిస్తూనే ఉంటారు, 2018, 2020, 2022, 2024 అలా. వచ్చినప్పుడల్లా టెన్షన్ పడితే రిటైరయ్యేదాకా పడుతూనే ఉండాలి.

ముందు నీ ప్రాజెక్టుకి వర్తించేది ఏ ఎడిషనో తేల్చుకో. పుస్తకం కొత్తగా వచ్చింది కాబట్టి అదే వాడాలనేం లేదు. కాంట్రాక్టులో వేరేగా ఒప్పుకోకపోతే, ప్రభుత్వ నిబంధన ఇంకోటి చెప్పకపోతే, మొదటి దశ కాంట్రాక్టు తేదీకి కనీసం ఆరు నెలల ముందే విడుదలైన వాటిలో తాజాది ఏదో అదే డిజైన్ నుంచి టెస్టింగ్ దాకా, లైను నడవడం మొదలయ్యేదాకా వర్తిస్తుందని కోడ్ ముందుమాటలోనే ఉంది. మధ్యలో ఎవరైనా లేటెస్ట్ వాడేద్దాం అంటే క్లయింట్ దగ్గర రాతపూర్వకంగా తీసుకున్నాకే వాడు. ఈ పేరా ఇందులోంచి, ఆ పేరా అందులోంచి తమకు అనుకూలంగా ఏరుకునేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు, రివ్యూలో ముందు దొరికేది కూడా వాళ్లే.

పుస్తకం మొత్తం చదవక్కర్లేదు. మొదట్లో మార్పుల జాబితా ఇస్తారు, అది చూసి, మార్జిన్‌లో ఏడాది గుర్తు వేసిన పేరాలను పాత పుస్తకం పక్కన పెట్టుకుని చదువు. చాలావరకు మాటల సర్దుబాటే.

నిజంగా లెక్క మార్చినవాటిలో పెద్దది 2020లో వచ్చింది. అపెండిక్స్ డి తీసేసి, అందులో ఉండే ఎస్‌ఐఎఫ్‌లు (వంపు, జాయింటు లాంటి చోట స్ట్రెస్ ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పే అంకెలు), ఫ్లెక్సిబిలిటీ ఫ్యాక్టర్లు (అవి ఎంత వంగుతాయో చెప్పేవి) బి31జె అనే వేరే పుస్తకం నుంచి తీసుకోమన్నారు. అంతకుముందు టీ (మెయిన్ పైపులోంచి బ్రాంచి చీలే జాయింటు) దగ్గర ఫ్లెక్సిబిలిటీ ఫ్యాక్టర్ 1 అనుకుని, అంటే జాయింటు అసలు వంగదన్నట్టు మోడల్ చేసేవాళ్లం. బి31జెలో రన్‌కీ (మెయిన్ పైపు) బ్రాంచికీ విడివిడిగా, ఇన్‌ప్లేన్, అవుట్‌ప్లేన్ (టీ తలంలో వంగడం, దానికి అడ్డంగా వంగడం), టార్షన్ (మెలితిరగడం) మూడింటికీ విలువలుంటాయి. దాంతో పంపు నోజిల్ (పైపు పంపుకి కలిసే మూతి) మీద లోడు తగ్గొచ్చు, అదే లైన్లో టీ దగ్గర స్ట్రెస్ పెరగనూ వచ్చు. పల్చటి గోడ ఉన్న పెద్ద హెడర్లలో (బ్రాంచీలు చీలే మెయిన్ పైపుల్లో) ఈ తేడా బాగా కనిపిస్తుంది. అందుకని చదివి ఊరుకోకుండా, పాత ప్రాజెక్టులోంచి హెడర్ టీ ఉన్న ఒక పంపు సక్షన్ లైను తీసుకో. మోడల్లో ఏమీ ముట్టుకోకుండా ఎస్‌ఐఎఫ్ ఆధారం ఒక్కటి మార్చి (ఒకసారి అపెండిక్స్ డి, ఒకసారి బి31జె) రెండుసార్లు రన్ చెయ్యి. టీ నోడ్‌లోనూ నోజిల్ దగ్గరా ఏం మారిందో, ఎందుకు మారిందో చేత్తో లెక్కేసి నీకు నువ్వు చెప్పుకోగలిగితే, ఆ తర్వాత ఏ క్లయింట్ అడిగినా తడబడవు.

సాఫ్ట్‌వేర్ మాత్రం నమ్మకు. పాత జాబ్ ఫైల్ కాపీ చేస్తే దాంతో పాత సెట్టింగులూ వస్తాయి, అవుట్‌పుట్‌లో కోడ్ ఏడాది ఏముందో చూశాకే ప్రింట్ ఇవ్వు. ఎక్సెల్ షీట్లయితే ఇంకా అన్యాయం. పైపు గోడ మందం లెక్కలో, బాగా వేడి దగ్గర వెల్డు బలం తగ్గడాన్ని చూపించే ఫ్యాక్టర్ డబ్ల్యూ 2004 ఎడిషన్‌లోనే వచ్చింది, అది లేని షీట్లు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. మామూలు టెంపరేచర్లో డబ్ల్యూ 1 కాబట్టి ఎవరికీ తెలీదు, ఏ హీటర్ అవుట్‌లెట్ లైనుకో వాడితే తెలుస్తుంది. అలవబుల్ స్ట్రెస్ (పైపు మెటల్‌కి కోడ్ అనుమతించే స్ట్రెస్) కూడా అంతే. మామూలు టెంపరేచర్లో ఏ106 గ్రేడ్ బి కార్బన్ స్టీల్ పైపుకి బి31.3లో 138 ఎంపీఏ, పవర్ ప్లాంట్ పైపుల కోడ్ బి31.1లో 118. షీట్‌లో ఉన్న అంకె దేనిదో పక్కనే రాసి లేకపోతే ఆ షీట్ పక్కన పడెయ్.

ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) కిందికొచ్చే స్టీమ్ లైన్ల జాబితా వేరే పెట్టుకో. 1923 నాటి బాయిలర్ల చట్టం పోయి 2025లో కొత్తది వచ్చింది. అక్కడ డ్రాయింగుల అప్రూవల్‌కి పట్టే టైము నీ చేతిలో ఉండదు, షెడ్యూల్లో ముందే చూపించు.

ఆ రెండు రన్‌ల షీటు నాకు పంపు, ఆదివారం ఫోన్లో చూద్దాం. లోడ్లు కిలోన్యూటన్లలోనే పెట్టు, కన్వర్షన్లు చేసే ఓపిక నాకు లేదు.

బాబాయ్