అహోబిలం కోనల్లో నడవబోయే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

జనవరిలో మీ స్నేహితులు నలుగురు, మీ అమ్మ కలిసి అహోబిలం వెళ్తున్నామనీ, తొమ్మిది నారసింహులనూ ఒక్కరోజులో చూసేసి రాత్రికే హైదరాబాద్ బండెక్కుతామనీ రాశావు. ముందు ఆ లెక్క మార్చుకో. జీపుల్లో పరుగులు పెట్టి, స్వామి వెలిసిన స్తంభమని చెప్పే ఆ కొండకొమ్ము, ఉగ్రస్తంభం వదిలేస్తే తొమ్మిదీ ఒక్కరోజులో అవుతాయి. కానీ అడవి చూసినట్టు ఉండదు, కొండ ఎక్కినట్టూ ఉండదు. మూడు రోజులు పెట్టుకోండి. మొదటిరోజు మధ్యాహ్నానికి చేరి దిగువ అహోబిలం దగ్గరున్నవి, రెండోరోజు పూర్తిగా ఎగువ అహోబిలంలో భవనాశి వాగు పారే కోన, మూడోరోజు చుట్టుపక్కల పాత ఊళ్లు. పావన నరసింహస్వామి దగ్గరికి కూడా నడిచే వెళ్లాలంటే నాలుగోరోజు కావాలి.

తేదీ ఖాయం చేసేముందు పంచాంగం చూడు. స్వాతి నరసింహస్వామి జన్మనక్షత్రం, ఆ రోజు ప్రతినెలా జనం ఎక్కువ. శని, ఆదివారాలూ అంతే. ఇరుకు మెట్ల మీద ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకరికొకరు అడ్డం పడితే రెండు గంటల దారి మూడున్నర గంటలవుతుంది. కనుమనాడు పారువేట మొదలవుతుంది. స్వామి పల్లకిలో నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెలు తిరిగి, తన పెళ్లికి పిలిచి వస్తాడు. అది చూడాలనుకుంటే ఆ రోజుకే వెళ్లండి, నడక మాత్రం ఇంకో రెండు రోజులు ఆగి పెట్టుకోండి. మార్చి నుంచి జూన్ వరకు ఆ బండలు పొద్దున పదికే పెనంలా కాలతాయి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కోన చాలా అందంగా ఉంటుంది, ప్రమాదమూ అప్పుడే. మీరు ఎంచుకున్న జనవరి మంచిదే. నవంబరు వానలు బాగా పడ్డ ఏడాదైతే మడుగుల్లో నీళ్లు ఇంకా ఉంటాయి.

రైలైతే నంద్యాలలో దిగండి. కారైతే కర్నూలు దాటాక నంద్యాల, ఆళ్లగడ్డ. ఆళ్లగడ్డ నుంచి దిగువ అహోబిలం దాదాపు 25 కిలోమీటర్లు. పెట్రోలు, మందులు, డబ్బులు, ఏది కావాలన్నా ఆళ్లగడ్డలోనే చూసుకోండి. పైకి పోయేకొద్దీ ఫోను సిగ్నలు దోబూచులాడుతుంది, కోనలో అసలే ఉండదు. ఏ దారిన పోతున్నారో, ఎన్ని గంటలకు దిగుతారో గది ఇచ్చినవాళ్లకు చెప్పి వెళ్లండి.

మొదటిరోజు సాయంత్రం దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుడి గుడిని తీరిగ్గా చూడండి. మండపాల స్తంభాల మీది విజయనగర కాలపు శిల్పం తొందరపడేవాళ్లకు కంటబడదు. కృష్ణదేవరాయలు 1515లో ఇక్కడికి వచ్చి స్వామికి నగలు సమర్పించిన సంగతి శాసనాల్లో ఉంది. ఆయన జయస్తంభం గుడి ముందే ఉంటుంది, దాన్ని చూడకుండా రావద్దు. భార్గవ, యోగానంద, ఛత్రవట ఈ మూడూ దిగువ నుంచి రెండు మూడు కిలోమీటర్లలోపే. ఆటో మాట్లాడుకుంటే రెండున్నర గంటల్లో ముగుస్తాయి. భార్గవానికి మట్టిదారి, చివర మెట్లు ఉంటాయి కాబట్టి చీకటి పడకముందే అది ముందు చూసేయండి.

ఇక రెండోరోజు. దిగువ నుంచి ఎగువకు 8 కిలోమీటర్ల రోడ్డు. ఎగువకు ఇంకో కిలోమీటరు ఉందనగా దారి పక్కనే కారంజ నారసింహుడు, కానుగచెట్టు కింద విల్లు పట్టుకుని కూర్చుంటాడు. అక్కడ పది నిమిషాలు చాలు. ఎగువ గుడి, అంటే తొమ్మిదిలో ఒకరైన అహోబిల నారసింహుడి గుడి దగ్గర పొద్దున ఆరుంబావుకల్లా నడక మొదలుపెట్టాలి. వేదాద్రి, గరుడాద్రి కొండల నడుమ గొంతులాంటి సందులో భవనాశి పారుతుంది. బయట సాయంత్రం ఆరుదాకా వెలుతురున్నా, ఆ సందులో ఐదుకే మసక కమ్ముతుంది. పొద్దున ఒక గంట ఆలస్యమైతే ఆ గంట సాయంత్రం చీకట్లో దిగాల్సివస్తుంది. అక్కడ కాళ్లు విరగ్గొట్టుకునేవాళ్లలో ఎక్కువమంది దిగేటప్పుడే, మసకలోనే.

గుడి దగ్గర చేతికర్ర అద్దెకిస్తారు. మనిషికొకటి తీసుకోండి, సిగ్గుపడొద్దు. మొన దగ్గర చీలిందేమో చూసి, నేలకు రెండుసార్లు గట్టిగా తాటించి మరీ తీసుకో. ఎత్తు నీ మోచేతిదాకా రావాలి. దారి తెలిసిన స్థానికుణ్ణి ఒకరిని ముందురోజు సాయంత్రమే మాట్లాడుకోండి. ఆ అడవి పుట్టిననాటి నుంచీ చెంచులది, చెంచులక్ష్మి వాళ్ల ఇంటి ఆడపడుచు. ఏ బండ ఊగుతుందో, ఏ గుట్టమీద తేనెపట్టు ఉందో వాళ్లకు తెలిసినట్టు ఏ ఫోనులోని మ్యాపుకూ తెలియదు. కూలి ముందే తేల్చుకుని, నీళ్లూ తిండీ అతనికి కూడా కలిపి మోయండి.

మొదట క్రోడ నారసింహుడు, ఎగువ నుంచి కిలోమీటరు. ఆ తర్వాత మెట్లు, వాగుబండలు, మళ్లీ మెట్లు దాటాక జ్వాల. ఎగువ నుంచి అక్కడికి దాదాపు 4 కిలోమీటర్లు, ఆగుతూ పోతే రెండు గంటలు. జ్వాల గుడి కొండ అంచుకింద, పైనున్న బండే కప్పుగా ఉంటుంది. నీళ్లున్న రోజుల్లో ధార ఆ అంచు మీంచి గుడి ముందే పడుతుంది. దగ్గర్లోనే రక్తకుండం. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక స్వామి అక్కడే చేతులు కడుక్కున్నాడని చెబుతారు.

జ్వాలకు కాస్త ముందు ఉగ్రస్తంభానికి దారి చీలుతుంది. అక్కడికి వచ్చేసరికి గడియారం చూడు. తొమ్మిదిన్నర దాటితే ఎక్కొద్దు. ఎక్కినా సరే, ఎంత దూరంలో ఉన్నా పన్నెండుకు వెనక్కి తిరగాలి. శిఖరం ఇంకో ఇరవై నిమిషాలే అనిపించినా తిరగాలి. ఆ మాట గుంపులో అందరిచేత పొద్దునే ఒప్పించుకో, పైకి పోయాక ఎవరూ వినరు. ఈ దారిలో మెట్లు ఉండవు, రాళ్ల మీద చేతులూ కాళ్లూ రెండూ వాడాలి. పై చివర సన్నటి అంచు, పక్కనే లోయ. గాలి గట్టిగా ఉన్నా, బండ తడిగా ఉన్నా ఆ చివరి ఎక్కుడు మానేసి కిందనుంచే దండం పెట్టుకోండి. మీ అమ్మను ఉగ్రస్తంభం ఎక్కించొద్దు. అక్క మోకాళ్ల సంగతి నీకూ తెలుసు. జ్వాలదాకా డోలీ ఎక్కవచ్చు, మోసేవాళ్లతో ముందే మాట్లాడు. లేదా మాలోలదాకా నెమ్మదిగా నడిపించు, ఎగువ నుంచి రెండు కిలోమీటర్లే. మీరు దిగేదాకా అక్క దగ్గర ఒకరు ఉండాలి.

దిగి వచ్చేటప్పుడు ప్రహ్లాద బడి, మాలోల చూసుకుంటూ రావచ్చు. బడి దగ్గర బండమీద గీతలు ఉంటాయి, ప్రహ్లాదుడు రాసిన అక్షరాలంటారు. అక్కడ నీరు ఊరే చోట నేల జారుతుంది. లోపలి గుళ్లలో పూజారి ఎప్పటిదాకా ఉంటారో, ఎగువ గుడి మధ్యాహ్నం ఎప్పుడు మూస్తారో ముందురోజే అడిగి పెట్టుకో.

ఇప్పుడు రాళ్ల సంగతి. నల్లమలలో ఈ భాగమంతా క్వార్ట్‌జైట్ రాయి. గట్టి రాయి కాబట్టి ఎండినప్పుడు బూటును బాగా పట్టుకుంటుంది. నీళ్లు పారేచోట మాత్రం వేల ఏళ్లుగా నునుపెక్కి, పైన సన్నని పాచి పడితే నూనె రాసిన పలకే. నల్లగా, పచ్చగా మెరిసే బండ మీద కాలు వేయొద్దు, తెల్లగా, గరుకుగా ఉన్నదాన్ని వెతుక్కో. రాయి పలకలు పలకలుగా విరుగుతుంది కాబట్టి వాగులో చాలా బండలు ఊగుతాయి. బరువు మోపేముందు కర్రతో నొక్కి చూడాలి. కాలు పూర్తిగా ఆనించు, వేళ్ల మీద నడవొద్దు. ఒక బండ మీంచి ఇంకో బండ మీదికి దూకడం అసలే వద్దు. దూకినప్పుడు జారితే ఆపుకునే వీలు ఉండదు.

భవనాశి దాటాల్సినచోట బూట్లు విప్పి వట్టికాళ్లతో దిగుతారు చాలామంది. వేళ్లు రాళ్ల సందుల్లో ఇరుక్కునేది అప్పుడే. బూట్లతోనే దాటు, తడిసినా పర్వాలేదు, మేజోళ్లు ఇంకో జత పెట్టుకో. సంచి నడుముపట్టీ విప్పేయి, పడితే సంచిని వదిలించుకోగలగాలి. ముఖం నీళ్లు వచ్చే వైపు పెట్టి, కర్ర ముందుకు ఊని, కాళ్లూ కర్రా మూడింటిలో ఒక్కొక్కటే కదుపుతూ పక్కకు జరుగు. పారే నీళ్లు మోకాలు దాటితే ఎవరూ దిగొద్దు. నీళ్లు తేటగా ఉండి ఉన్నట్టుండి బురదరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా పైన ఎక్కడో వాన పడిందని లెక్క, మీ నెత్తిన ఆకాశం నీలంగా ఉన్నా సరే. వెంటనే ఒడ్డు వదిలి పైకెక్కి కూర్చోవాలి, వరద తగ్గాకే కదలాలి. అవతలి ఒడ్డున ఉండిపోయినవాణ్ణి అక్కడే ఉండమని కేక వేయండి, దాటి రమ్మనొద్దు.

నీళ్లు ఉగ్రస్తంభం ఎక్కేవాళ్లకు తలా మూడు లీటర్లు, జ్వాలదాకా పోయేవాళ్లకు రెండు. వాగునీళ్లు మరిగించకుండా తాగొద్దు, పైన కోతులూ పశువులూ తిరుగుతాయి. ఉత్త నీళ్లే తాగుతూ పోతే చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాదు, మధ్యాహ్నానికి పిక్కలు పట్టేస్తాయి. ఓఆర్ఎస్ పొట్లం ఒకటి లీటరు నీళ్లలో కలిపి, రెండు మూడు గుక్కల చొప్పున తాగండి. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, అన్నీ చెంచా అంచుకు సమంగా. ఉప్పు ఎక్కువైతే మేలుకు బదులు కీడు.

పొద్దున దొరికితే ఉగ్గాని సగం కడుపుకే తినండి, బజ్జీలు తిరిగొచ్చాక. దారికి చపాతీ, చెనిగ్గింజలు, బెల్లం, ఖర్జూరం. అరటిపండ్లు చేత పట్టుకుంటే కోతులు వదలవు. తిండిని ప్లాస్టిక్ కవరులో వేసి మోయొద్దు, కవరు గలగల వింటే చాలు అవి మీద పడతాయి. గుడ్డసంచిలో కట్టి పెద్దసంచి అడుగున పెట్టు. కోతి సంచి లాక్కుంటే వదిలేయాలి, గుంజుకోవద్దు. కరిస్తే గాయాన్ని సబ్బుతో పావుగంట పారే నీళ్ల కింద కడిగి, అదేరోజు ఆసుపత్రిలో రేబిస్ సూది వేయించాలి.

కొండ అంచుల్లో పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. వాటి కింద సిగరెట్టు, అగరొత్తి, అత్తరు, కేకలు ఏవీ వద్దు. ఈగలు లేస్తే నీళ్లలో మునగాలని చూడొద్దు, ముఖం గుడ్డతో కప్పుకుని ఆగకుండా దూరం పోవాలి. ఎలుగుబంట్లు తెల్లవారుజామున, సాయంత్రం తిరుగుతాయి. గుంపు విడిపోకుండా మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ నడిస్తే అవే తప్పుకుంటాయి. యాత్రికుల దారి దాటి లోపలికి పోవడానికి అటవీశాఖ అనుమతి కావాలి, అది లేకుండా పోవొద్దు.

పావన నారసింహుడు ఎగువ నుంచి నడిస్తే ఒకవైపే 6 కిలోమీటర్లకు పైన. దిగువ నుంచి జీపులూ ఉన్నాయి, కాని ఆ గతుకులకు అక్క నడుం తట్టుకోదు. ఆ రోజు దారి తెరిచారా లేదా అని అడిగే బయల్దేరండి.

మూడోరోజు కాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, ఆ రోజు బండిలో తిరగడమే మేలు. ఆళ్లగడ్డలో దారిపక్కన రాతిశిల్పుల ఉలి చప్పుడు వినిపిస్తుంది, కాసేపు ఆగి చూడండి. అక్కడి నుంచి కోవెలకుంట్ల. 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరి తీసిన ఊరు అది. బనగానపల్లె దాటి యాగంటి పోతే కొండనుంచి నంది నోట పడే నీళ్లతో నిండిన కోనేరు ఉంటుంది. బిగిసిన పిక్కలకు ఆ చన్నీళ్ల స్నానాన్ని మించింది లేదు. గుహలకు ఎక్కే నిలువు మెట్లు మాత్రం ఆ రోజు మీ అమ్మకు వద్దు. ఓపిక ఉంటే ఔకు మీదుగా బెలుం. గుహలు 3,229 మీటర్ల పొడవు, జనానికి తెరిచింది దాదాపు కిలోమీటరున్నర. లోపల ఉక్కపోతగా ఉంటుంది, పాతాళగంగ దగ్గర మరీను. ఉబ్బసం ఉన్న మీ స్నేహితుడు తన ఇన్‌హేలర్ పంపు జేబులోనే పెట్టుకోవాలి, బండిలో వదిలేయొద్దు.

బూట్లు కొత్తవి కొనేటట్టయితే ఈ వారమే కొని, బయల్దేరేలోపు కనీసం 30 కిలోమీటర్లు వాటితోనే తిరుగు. కాలిగోళ్లు బయల్దేరే రెండు రోజుల ముందు కత్తిరించుకో, అదేరోజు కత్తిరిస్తే దిగేటప్పుడు వేళ్ల చివర్లు ఒరుసుకుంటాయి. టార్చి, 10 సెంటీమీటర్ల వెడల్పు క్రేప్ బ్యాండేజీ, మీ అమ్మ మోకాలిపట్టీలు ఇప్పుడే ఒకచోట పెట్టు. గది బుక్ చేసేముందు తేదీ నాకు ఒకసారి రాయి, స్వాతి ఎప్పుడో చూసి చెబుతాను.

మీ మామయ్య